కీపర్ వదిలేశాడట

తెలుగులో క్రియకు కర్త అక్కర్లేదు. "వచ్చాడు" అంటే చాలు, ఎవరొచ్చారో వినేవాళ్లకు తెలిసిపోతుంది. "తిన్నాడా?" అని అత్తగారు అడిగితే ఎవరి గురించి అడిగిందో ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఒక దినపత్రిక స్పోర్ట్స్ పేజీలో ఏళ్ల తరబడి సబ్‌ఎడిటర్‌గా పనిచేసినదాన్ని, ఈ సౌకర్యం మీదే బతికాను. హెడ్డింగుకు చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది కర్తే. అలా లేని కర్త పోయి పోయి ఒక అమాయకుడి నెత్తిన పడుతుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

పత్రిక పేజీలు తగ్గించింది, డెస్కు తగ్గించింది, చివరకు నన్నూ తగ్గించింది. అప్పుడు మాదాపూర్‌లో ఒక డేటా అనలిటిక్స్ కంపెనీలో పని దొరికింది. క్రికెట్ లీగుల్లో ఆడే జట్లకు ఏ ఆటగాడు ఎంత పనికొస్తాడో, జట్టు ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ బోలుగా ఉందో లెక్క కట్టి చెప్పడం వాళ్ల వ్యాపారం. సిస్టమ్ ఇచ్చిన అంకెలు చూసి, ఒక్కో ఆటగాడి మీద కోచ్‌కు అర్థమయ్యేలా ఒక పేజీ రాయడం నా పని. క్రికెట్ తెలుసు, రాయడం తెలుసు, మూసాపేట నుంచి మెట్రో ఉంది. ఇంతకంటే ఏం కావాలనుకున్నాను.

అంకెల మీద నాకు కోపం లేదు. స్కోరుబోర్డు చూస్తూ పెరిగినదాన్ని. నాకు వెగటు పుట్టించింది వాటి చుట్టూ జరిగే ఆర్భాటం. మా అంతస్తులో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి, ఒక మూల మూడు స్టంపులు నిలబెట్టారు. బూట్లు విప్పి నడవాలి. రోజంతా ఏసీలో మగ్గిన సాక్సుల కంపు ఆ గడ్డిలోంచి వచ్చేది. జన్మలో ఒక్క పూటైనా ఎండలో ఫీల్డింగ్ చెయ్యని మనుషులు చేతిలో కాఫీ కప్పుతో దాని మీద పచార్లు చేస్తూ, ఫలానా బౌలర్‌కు కసి లేదనీ ఫలానా బ్యాటర్‌కు గుండె లేదనీ తీర్పులిచ్చేవాళ్లు. కొత్త క్లయింట్ దొరికినప్పుడల్లా గోడకు తగిలించిన ఇత్తడి గంట కొట్టేవాళ్లు. అందరం లేచి చప్పట్లు కొట్టాలి. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

ఒక పెద్ద లీగ్ జట్టుకు రిజర్వ్ వికెట్ కీపర్ కావలసి వచ్చింది. జిల్లాల్లో జరిగే చిన్న లీగులో పనికొచ్చేవాడు ఉన్నాడేమో చూసి చెప్పమని మా కంపెనీకి అప్పగించారు. పెద్ద లీగుల్లో మైదానం చుట్టూ కెమెరాలుంటాయి, ప్రతి బంతినీ కొలిచి రాసే మనుషులుంటారు. జిల్లా లీగులో సైట్‌స్క్రీన్ వెనక ఒక కెమెరా, దాని పక్కన తెలుగులో కామెంటరీ చెప్పే ఒక పెద్దమనిషి. అంతే. అక్కడ ఏం జరిగిందో చెప్పేది ఆయన గొంతొక్కటే. అందుకని మావాళ్లు ఒక ఎత్తు వేశారు. సిస్టమ్ ఆ కామెంటరీని వింటుంది, అక్షరాల్లోకి మారుస్తుంది, ఒక్కో మాటకు ఒక్కో అర్థం కట్టి, ఎవరు ఎన్ని క్యాచ్‌లు పట్టారు, ఎన్ని జారవిడిచారు అని పట్టికలు వేస్తుంది. మనిషి వీడియో చూడనక్కర్లేదు. అదే గొప్ప అని చెప్పుకున్నారు.

నేను రాయాల్సిన పేజీల్లో ఒకటి జహీరాబాద్ వైపు కుర్రాడిది. పాతికేళ్లు దగ్గరపడుతున్న వికెట్ కీపర్. పట్టిక తెరిస్తే అతని పేరు ఎదురుగా అంతా ఎరుపు. లీగు మొత్తంలో అతనంత చెడ్డ చేతులు మరో కీపర్‌కు లేవని సిస్టమ్ తేల్చేసింది. ప్రతి మ్యాచ్‌లో వదిలేశాడు, వదిలేశాడు, వదిలేశాడు. అన్ని క్యాచ్‌లు వదిలేసేవాణ్ణి ఏ జిల్లా జట్టయినా సీజనంతా ఎలా భరించిందా అని అనుమానం వచ్చింది. డెస్కు బుద్ధి పోదు కదా. వార్త మరీ బాగుంటే ఒకసారి సరిచూసుకోవాలి. వీడియో పెట్టుకుని చూశాను.

పొడుగాటి పేసర్ పరిగెత్తుకొచ్చి వేశాడు. బ్యాటర్ బ్యాటు పైకెత్తాడు. బంతి అతన్ని దాటి వెళ్లి, కీపర్ గ్లవ్స్‌లో మెత్తగా కూర్చుంది. కామెంటరీ పెద్దమనిషి నిదానంగా అన్నాడు: "ఆఫ్ స్టంప్‌కి బయట పడింది... వదిలేశాడు... కీపర్ చేతుల్లోకి."

పక్కన సిస్టమ్ ఎర్ర గుర్తు పెట్టింది. క్యాచ్ డ్రాప్. కీపర్.

వదిలేసింది బ్యాటర్. ఆడితే ముప్పని తెలిసి బంతిని ముట్టుకోకుండా వదిలేశాడు. కానీ మనం క్యాచ్ జారవిడిచినా "వదిలేశాడు" అనే అంటాం. మావాళ్లు సిస్టమ్‌కు ఆ రెండో అర్థం ఒక్కటే నేర్పారు. సరే, వదిలింది ఎవరు? వాక్యంలో కర్త లేదు. సిస్టమ్ వెతికింది. అంత వాక్యంలో ఉన్న ఒకే ఒక్క మనిషి కీపర్. దొంగ దొరికిపోయాడు.

ముందు నవ్వొచ్చింది. మరో వీడియో, ఇంకో వీడియో పెట్టుకుంటూ పోయాను. ఎక్కడ చూసినా అదే తంతు. ఆ పేసర్ బంతిని అందంగా బయటికి తీసుకెళతాడు, బ్యాటర్లు దణ్ణం పెట్టి వదిలేస్తారు, ఇతను చక్కగా అందుకుంటాడు, మా సిస్టమ్ ఇతని మీద ఇంకో నేరం రాస్తుంది. బౌలర్ ఎంత బాగా వేస్తే కీపర్ అంత పనికిమాలినవాడు. మధ్యాహ్నానికి నవ్వు ఆగిపోయింది.

మా మేనేజర్ కోస్తా మనిషి. నోరు తెరిస్తే అండీ, గారూ. ఆ మర్యాద చాటున మనిషి మాత్రం చేతికి చిక్కడు. వీడియో చూపించాను. ఆయన తల ఊపుతూ చూశాడు.

"బాగా పట్టారండీ. కానీ ఈ పొరపాటు అందరు కీపర్లకీ పడింది కదండీ? అందరికీ పడితే అది పొరపాటు కాదండీ, బేస్‌లైన్. అందరికీ సమానమైన కొలత."

"అందరికీ ఒకేలా పడలేదు. స్పిన్నర్లున్న జట్ల కీపర్లకు తక్కువ పడింది. ఇతని జట్టులో మంచి పేసర్ ఉన్నాడు, బ్యాటర్లు ఎక్కువ బంతులు ఆడకుండా వదిలేశారు. అందుకని ఇతని మీద ఎక్కువ పడింది."

"ఇప్పుడు మార్చాలంటే మొత్తం మళ్లీ రన్ చెయ్యాలండీ. క్లయింట్‌కి స్లైడ్లు వెళ్లిపోయాయి. ఫేజ్ టూలో పెట్టుకుందాం."

"ఫేజ్ టూ నాటికి వాళ్లు కీపర్‌ను తీసేసుకుంటారు కదా?"

"మీరు మరీ పర్సనల్‌గా తీసుకుంటున్నారండీ" అన్నాడు నవ్వుతూ.

ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది. అరిచి తిట్టేవాళ్లతో పత్రికలో వేగాను. ఈ నవ్వుతో వేగడం నాకు రాదు. నా పేజీలో మాత్రం "ఈ అంకె తప్పు, వీడియో చూడండి" అని రాసి పంపాను. క్లయింట్‌కు చేరిన కాపీలో ఆ వాక్యం లేదు. స్పోర్ట్స్ డెస్కులో కొన్ని వేల వాక్యాలు కొట్టేశాను గానీ నిజమైన వాక్యాన్ని నిజం కనుక కొట్టేయడం అక్కడే చూశాను.

తర్వాత డేటా డే అని ఒకటి పెట్టారు. ఎంపికకు పరిశీలిస్తున్న ఆటగాళ్లను ఆఫీసుకు పిలిచి, పెద్ద తెర మీద ఎవరి అంకెలు వాళ్లకు చూపించి, జట్టు తరఫున వచ్చిన పెద్దమనిషి ప్రశ్నలడుగుతాడు. కాఫీ మిషన్ దగ్గర అతణ్ణి మొదటిసారి చూశాను. జహీరాబాద్ నుంచి లింగంపల్లికి రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి షేర్ ఆటో పట్టుకుని అందరికంటే ముందే వచ్చేశాడు. బక్కపలచగా ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్లు, కీపర్లందరికీ అయినట్టే, వంకర పోయాయి. ఏ బటన్ నొక్కాలో తెలియక నిలబడితే నేనే కాఫీ పట్టిచ్చాను.

"ఈ ఏడు తీస్కుంటె తీస్కున్నట్టు మేడం" అన్నాడు. "లేకుంటె ఇగ కిట్టు పక్కకు పెట్టుమన్నరు ఇంట్ల. మా మామ సూపర్‌మార్కెట్ల పని మాట్లాడి పెట్టిండు. నెలాఖరుదాంక ఆగుమని నేనే బతిమాలిన."

తెర మీద వచ్చేది నమ్మకు బాబూ అని చెప్పబోయాను. ఇంతలో లోపల్నుంచి పిలిచారు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకునే పరుగెత్తాడు.

చల్లటి గది. తెర మీద అతని పేరు, దాని కింద ఎర్రటి గీత. జట్టు పెద్దమనిషి హిందీలో, ఇంగ్లిషులో ఏదో అడిగాడు. మా మేనేజర్ దాన్ని తెలుగు చేశాడు. "ఇన్ని క్యాచ్‌లు ఎందుకు పోయాయో చెప్పమంటున్నారు బాబూ. భయపడక్కర్లేదు, ఓపెన్‌గా చెప్పు."

అతను తెర వంక చూశాడు. నేనైతే ఎదురు తిరుగుతాడనుకున్నాను. నేనెక్కడ వదిలిన అంటాడనుకున్నాను. కానీ అతను మెల్లగా సంజాయిషీ మొదలుపెట్టాడు.

"మొదటి మ్యాచ్‌ల ఎండ కండ్లల్ల కొట్టింది సార్. తర్వాత దాంట్ల వేలు వాసి ఉండె. చెప్తె కూసుండబెడ్తరని చెప్పలే. మిగిలినయి... జర సోయి తప్పిందేమో సార్. మంచిగ చేసుకుంట."

జరగని తప్పులకు ఒక్కొక్కదానికి కారణం వెతుక్కుంటున్నాడు. తన గ్లవ్స్‌లో పడిన బంతి సంగతి తనకంటే ఆ తెరకే బాగా తెలుసనుకున్నాడు. జట్టు పెద్దమనిషి మెచ్చుకోలుగా తల ఊపాడు. తప్పు ఒప్పుకునే గుణం ఉంది, నేర్చుకుంటాడు అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఇక్కడ ఎద్దు చేతే నేనే ఈనానండీ అనిపించారు.

లేచి నిలబడ్డాను. "అతను ఒక్క క్యాచ్ కూడా వదల్లేదు" అన్నాను. "వదిలింది బ్యాటర్లు. తప్పు మాది."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. మేనేజర్ నవ్వు చెరగలేదు. "మా మేడం తెలుగు పేపర్ నుంచి వచ్చారండీ. ఒక మాట పట్టుకుంటే వదలరు" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాద కోసం కాబోలు, కుర్రాడు కూడా నవ్వాడు.

వీడియో పెట్టమన్నాను. పెట్టకపోతే కూర్చోనన్నాను. చివరకు ఒకటి పెట్టారు. బ్యాటర్ బ్యాటెత్తడం, బంతి గ్లవ్స్‌లో పడటం, కీపర్ దాన్ని పక్కనున్న ఫీల్డర్‌కు విసిరెయ్యడం, దాని పక్కన మా ఎర్ర గుర్తు. కళ్లున్న ప్రతివాడూ చూశాడు. కుర్రాడు కుర్చీలో ముందుకు వంగి, నోరు తెరుచుకుని తనను తాను చూసుకున్నాడు.

"ఇంటరెస్టింగ్" అన్నాడు జట్టు పెద్దమనిషి. ఒక బంతి తప్పయినంత మాత్రాన ట్రెండ్ తప్పు కాదనీ, మిగతావి తీరిగ్గా చూద్దామనీ అన్నాడు. అప్పటికే బయట బిర్యానీ వచ్చింది. ఆ వాసన తగలగానే అందరికీ ఒక్కసారి ఆకలి గుర్తొచ్చింది. నన్ను దాటుకుంటూ పేపర్ ప్లేట్ల వైపు నడిచారు. ఒక మనిషి బతుకు మీద చర్చ జరిగిన గదిలోంచి అంత తేలిగ్గా లెగ్‌పీసు కోసం పోవచ్చని నాకు తెలియదు. వాళ్లు ప్లాస్టిక్ గడ్డి మీద నిలబడి ఎముకలు చీకుతుంటే అటు చూడలేక లిఫ్టు దగ్గరికి వెళ్లాను.

అతను వెనకే వచ్చాడు.

"మేడం, మీకు దండం పెడ్త. నా కోసం లొల్లి చెయ్యకుండ్రి. సార్లకు కోపమొస్తె మల్ల పిలువరు."

"నువ్వు వదల్లేదు కదా, ఎందుకొప్పుకున్నావ్?"

"కంప్యూటర్ల వచ్చిందంటె ఏదో ఒకటి ఉండే ఉంటది గద మేడం" అన్నాడు. "అంత పెద్ద ఆఫీసు."

నాకు అతని మీద కూడా కోపమొచ్చింది. నా నంబరిచ్చి, ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యమన్నాను. అతను లోపలికి వెళ్లి, అందరి వెనక నిలబడి, ప్లేటు పట్టుకున్నాడు.

నెలాఖరుకు జట్టు ప్రకటించారు. వేరే కీపర్‌ను తీసుకున్నారు. బాగానే ఆడతాడు, అతని మీద నాకేం కోపం లేదు. జట్టు పెద్దమనిషి మా మేనేజర్‌కు పెట్టిన మెయిల్లో, నిర్ణయానికి ఇతర కారణాలు కూడా ఉన్నాయని రాశాడు. ఆ ఇతర కారణాలేమిటో రాయలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడొచ్చింది ఫేజ్ టూ. నన్నే కూర్చోబెట్టి "వదిలేశాడు" సరిచేయించుకున్నారు. దాంతో పాటు "ఎత్తేశాడు", "పోయింది", "లాగేశాడు" కూడా. మళ్లీ రన్ చేశారు. ఎర్ర గీతలన్నీ తుడిచిపెట్టుకుపోయి ఆ కుర్రాడు లీగు కీపర్లలో మొదటి వరసకు వచ్చాడు. కనీసం ఇప్పుడైనా అతనికి నిజం చెబుతారనుకున్నాను. నా పిచ్చి గానీ.

తర్వాతి క్లయింట్‌కు తయారు చేసిన స్లైడ్లలో మొదటిది అతని ఫోటో. డేటా డే నాడు మా లోగో ముందు గ్లవ్స్ తొడిగించి తీశారట. నవ్వుతున్నాడు. కింద ఇంగ్లిషులో, తెలుగులో రాశారు: ఎవరికీ కనపడని ఆణిముత్యాన్ని మా సిస్టమ్ కనిపెట్టింది.

మేనేజర్ గదిలోకి వెళ్లాను. "అతణ్ణి పనికిరాడన్నదే మనం కదా" అన్నాను.

"అది ఫేజ్ వన్నండీ."

"అతన్ని ఎవరూ తీసుకోలేదు."

"తీసుకోవడం క్లయింట్ పనండీ. కనిపెట్టడం మన పని." ఆ నవ్వు అలాగే ఉంది. "మీరు ఆ తెలుగు మాట పట్టుకోబట్టే ఇంత మంచి కేస్ స్టడీ వచ్చిందండీ. మీ పేరు కూడా ముందుకు పంపించాను."

నా కోపాన్ని కూడా సరుకు చేసి షెల్ఫులో పెట్టేశారు. అంతవరకూ వాళ్లను అసహ్యించుకున్నాను. ఆ మాట విన్నాక ఆ గదిలో నిలబడ్డ నా కాళ్లను కూడా అసహ్యించుకున్నాను. ఆ వారమే రాజీనామా ఇచ్చాను. వీడ్కోలుకు కేకు తెప్పిస్తే ముట్టుకోలేదు. పొగరనుకున్నారు. పొగరే.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మూసాపేటలో కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. అతనే.

"మేడం, గుర్తువట్టిండ్రా? కీపర్‌ను. బయోడైవర్సిటీ సిగ్నల్ కాడ మీ కంపెనోళ్ల బోర్డు మీద నా ఫోటో పెద్దగ పెట్టిండ్రు మేడం. మా నాయిన హైదరాబాద్ల క్యాబ్ నడుపుతడు, పొద్దుగాల సిగ్నల్ల ఆగినప్పుడు చూసిండట. పోరని ఫోటో అని బండి దిగి నిలవడ్డడట, వెనకోళ్లు హారన్లు కొట్టిండ్రట." గొంతులో నవ్వు ఆగడం లేదు. "ఊరంత వాట్సాప్ల పంపిండు. మిఠాయి గూడ పంచిండు. నాకైతె ఫోన్ ఏం రాలే గని... ఏ టీమ్ల తీస్కున్నరు మేడం నన్ను?"

బెండకాయలు బండి మీదే వదిలి పక్కకు జరిగాను. ఎవరూ తీసుకోలేదని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, బస్సుల రొదలో మొదటిసారి వినిపించలేదు. అవతల్నుంచి "నాయిన పక్కకే ఉన్నడు మేడం, నేను చెప్తె ఇనడు, మీరే చెప్పుండ్రి" అని సన్నగా వినిపించింది. ఫోన్ చేతులు మారింది.

"నమస్తె మేడం. మా పోరన్ని మీరే కనిపెట్టిండ్రట గద. మీ కడుపు సల్లగుండ."

"అతన్ని ఏ జట్టూ తీసుకోలేదండీ" అన్నాను. ఇక సాగదీయలేకపోయాను.

"మరి గంత పెద్ద ఫోటో ఎందుకు పెట్టిండ్రు మేడం?"

"వాళ్ల సరుకు అమ్ముకోవడానికండీ."

ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. "మంచిది మేడం" అని ఫోన్ పెట్టేశాడు.